తాజాది ఉంచండి

అసలు దరఖాస్తుదారులు మూడో అంతస్తుకు రాకూడదు. కింద కౌంటర్లున్నాయి, కౌంటర్ల ముందు కుర్చీలున్నాయి, ఆ కుర్చీల్లో కూర్చుని పిలిచేదాకా ఎదురుచూడాలి. అదీ పద్ధతి. అయినా సోమవారం పొద్దున దర్జీ ఆవిడ కాపలా మనిషి కళ్ళుగప్పి, మెట్లన్నీ ఎక్కి, సరాసరి బేసమ్మ బల్ల ముందుకొచ్చి నిలబడింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. కుట్టుపని మధ్యలో లేచి వచ్చినట్టుంది.

బేసమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. ఇళ్ళ కేటాయింపు ఆఫీసు మొత్తానికి డేటాబేసు చూసేది ఆమె ఒక్కతే కాబట్టి కింది కౌంటర్లవాళ్ళు అలా పిలవడం మొదలుపెట్టారు. మొదట్లో కస్సుమనేది. తర్వాత ఎవరైనా అసలు పేరుతో పిలిస్తే వెంటనే పలకడం కూడా మానేసింది.

దర్జీ ఆవిడ గొడవేమీ పడలేదు. జాకెట్టులోంచి పర్సు తీసి, పర్సులోంచి రసీదు తీసి, నాలుగు మడతలూ విప్పి బల్ల మీద పెట్టింది. పదకొండేళ్ళ కిందటి రసీదు. దరఖాస్తు నంబరు నాలుగువేల నాలుగువందల పదిహేడు. పోయిన ఏడాది అడిగితే జాబితాలో తొంభై ఆరో స్థానం అన్నారట. ఈ శుక్రవారం రెండువందల పన్నెండు ఇళ్ళకు తాళాలిస్తున్నామని గోడకు జాబితా అంటించారు, చూసుకుంటే అందులో తను లేదు. కౌంటర్లో అడిగితే రెండువేల తొమ్మిదివందల ఎనిమిదో స్థానం అన్నారట.

"ముందుకు జరక్కపోతే పోనీ అనుకుంటాను. వెనక్కి ఎట్లా జరిగానమ్మా?" అంది.

బేసమ్మకు నిజానికి ముందు విసుగే వచ్చింది. ఐదు వారాల కిందట ఆఫీసు డేటాబేసంతా నేలమాళిగలోని పాత సర్వరు నుంచి క్లౌడ్‌కు మార్చారు. మార్చడానికి పట్టిన మూడు నెలలూ ఆమెకు తల ప్రాణం తోకకొచ్చింది. మార్చాక నివేదికలు నిమిషాల్లో వస్తున్నాయి, రాత్రంతా నడిచే బ్యాకప్పులు వాటంతటవే నడుస్తున్నాయి, మేనేజరు పై ఆఫీసు చేత భేష్ అనిపించుకున్నాడు. ఇంత చేశాక కూడా జాబితా తప్పంటూ ఎవరో ఒకరు వస్తే ఒళ్ళు మండదా మరి.

విసుగ్గానే నంబరు కొట్టింది. నాలుగువేల నాలుగువందల పదిహేడు లేదు. అసలు అలాంటి నంబరే లేదు. గుర్తింపు కార్డు అడిగి ఆ నంబరు కొడితే దర్జీ ఆవిడ వివరాలున్న వరుస వచ్చింది. దరఖాస్తు తేదీ చూస్తే ఎనిమిది నెలల కిందటిది.

ఎనిమిది నెలల కిందట మళ్ళీ దరఖాస్తు పెట్టారా అని అడిగింది. పెట్టలేదంది దర్జీ ఆవిడ. ఇంటాయన ఖాళీ చేయించాడు, వేరే ఇంటికి మారాం, అడ్రసు మార్పించుకోవడానికి వచ్చాను, అంతే. పదకొండేళ్ళలో నాలుగిళ్ళు మారాం, మారినప్పుడల్లా బుద్ధిగా వచ్చి మార్పించుకున్నాం. మార్చకపోతే ఉత్తరాలు తిరిగిపోతాయని, తిరిగిపోతే పేరు కొట్టేస్తారని మీ కౌంటర్లోనే చెప్పారు.

చూస్తాను, వెళ్ళండి అంది బేసమ్మ. దర్జీ ఆవిడ కదల్లేదు. చూస్తామంటే ఈ శుక్రవారం లోపా, శుక్రవారం అయ్యాకా అని అడిగింది. శుక్రవారం లోపే అని బేసమ్మ నోరు జారింది. ఆవిడ రసీదు మళ్ళీ నాలుగు మడతలూ పెట్టి, పర్సులో దాచుకుని మెట్లు దిగింది.

ఆ వెనకే బేసమ్మ కూడా దిగింది. కింద మూడో కౌంటర్లో పెద్ద గుమస్తా ఉంటాడు. ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అంటుంది. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతాడు. అడ్రసు మార్పులన్నీ పాతికేళ్ళుగా ఆయన చేతి మీదుగానే జరిగాయి. అడ్రసు మారిస్తే తేదీ ఎందుకు మారిందని అడిగితే, ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నింపాదిగా చెప్పాడు. పాత సాఫ్ట్‌వేర్‌లో ఒకసారి తనిఖీ అయిన అడ్రసును దిద్దనిచ్చేది కాదు. అందుకని అడ్రసు మారినవాళ్ళకు కొత్త వరుస తెరిచేవాడు. కొత్త వరుసకు ఆ రోజు తేదీ, కొత్త నంబరు వాటంతటవే పడేవి. పడితే పడనీ, పాత వరుస అలాగే ఉండేది. జాబితా అచ్చు వేసినప్పుడు ఒకే మనిషికి ఎన్ని వరుసలున్నాయో చూసుకుని, అన్నిటికంటే పాత తేదీ పక్కన ఎర్ర పెన్సిలుతో టిక్కు పెట్టేవాడు. ఆ టిక్కును బట్టే ఇల్లు.

"ఈ సంగతి ఎక్కడైనా రాసి ఉందా, బాబాయ్?"

"రాయడమెందుకు? చేసేది నేనేగా." కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "మూడు నెలలు మీరంతా పైన అద్దాల గదిలో మీటింగులు పెట్టుకున్నారు. నన్నొక్కసారి అడిగుంటే చెప్పేవాణ్ణి కదమ్మా."

బేసమ్మ పైకెళ్ళి క్లౌడ్‌కు మార్చినప్పటి నివేదిక తెరిచింది. పదిహేడో పేజీలో ఉంది. ఒకే గుర్తింపు నంబరుతో ఒకటికి మించి వరుసలున్నవారు: 1,187 మంది. తొలగించిన నకలు వరుసలు: 1,903. ఐదు వారాల కిందట ఇదే పేజీ చూసి, పాత చెత్తంతా పోయిందని ఆమె సంతోషపడింది. ఆ చెత్త పదకొండువందల ఎనభై ఏడు కుటుంబాల వంతు అని ఇప్పుడు తెలిసింది. పైగా చూడండి అన్యాయం, ఏ కుటుంబాన్ని ఇంటాయన ఎంత ఈమధ్య బయటికి గెంటితే ఆ కుటుంబం అంత వెనక్కి పోయింది. సొంతింటి అవసరం ఎవరికి ఎక్కువో వాళ్ళనే ఏరి ఏరి వెనక్కి నెట్టినట్టయింది.

*

మంగళవారం ఆఫీసు తెరవగానే కాంట్రాక్టు కంపెనీ ఇంజనీరుకు ఫోన్ చేసింది. డేటా మార్చే పనంతా చేసింది ఆ కంపెనీయే. రాత్రంతా మనసులో మరగబెట్టుకున్న మాటలన్నీ ఆయన మీద కుమ్మరించింది. ఎవరినడిగి తీసేశారు, ఏ వరుస ఉంచాలో ఏది తీసేయాలో మీకేం తెలుసు, జనం బతుకులంటే ఆటలుగా ఉందా అని ఐదు నిమిషాలు ఊపిరి తిప్పుకోకుండా కడిగేసింది. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. అంతా విని, ఒక మెయిల్ పంపిస్తున్నాను చూడండి మేడం అని మర్యాదగా పెట్టేశాడు.

మెయిల్ వచ్చింది. అది నాలుగు నెలల కిందటి మెయిలే, ఆయన మళ్ళీ పంపాడంతే. పైన ఆయన ప్రశ్న: ఒకే గుర్తింపు నంబరుతో రెండు మూడు వరుసలు కనిపిస్తున్నాయి, కొత్త డేటాబేసులో ఒక మనిషికి ఒకే వరుస ఉండాలి కదా, ఏది ఉంచమంటారు? కింద జవాబు రెండే మాటలు.

తాజాది ఉంచండి.

జవాబు కింద ఆమె పేరుంది. అసలు పేరు, హోదాతో సహా. ఆ రోజు అలాంటి ప్రశ్నలు నలభై వచ్చుంటాయి. తాజా వరుసలో ఫోను నంబరు, అడ్రసు సరిగ్గా ఉంటాయి కాబట్టి అదే ఉంచాలని ఎవరికైనా అనిపిస్తుంది. ఆమెకూ అనిపించింది. తేదీల మాట తోచనే లేదు. మెట్లు దిగి బాబాయ్‌ని అడగాలన్న ఆలోచనైతే అస్సలు రాలేదు. పొద్దున్నుంచి ఎవరిని తిట్టాలా అని వెతుక్కుంటున్న మనిషికి చివరికి తన పేరే దొరికింది.

అప్పుడు ఇంకో సంగతి గుర్తొచ్చింది. గుర్తు రాకుండా ఉంటే బాగుండేది. శుక్రవారం తాళాలందుకునే జాబితాలో రెండువందల మూడో స్థానం ఆమె చెల్లెలిది.

చెల్లెలివి కూడా అద్దె ఇళ్ళే. ఆరేళ్ళలో మూడు మారింది. కానీ అడ్రసు మార్పించుకోవడానికి ఒక్కసారీ రాలేదు, ఆ అవసరం పడలేదు. దరఖాస్తు పెట్టేటప్పుడే బేసమ్మ తన ఇంటి అడ్రసు రాయించింది, ఉత్తరాలు పోకుండా ఉంటాయని. సొంతిల్లున్న అక్క ఉంది కాబట్టి చెల్లెలి తేదీ చెక్కుచెదరలేదు. వెనక్కి జారినవాళ్ళు జారగా ఆమె ముందుకొచ్చింది. జాబితా అంటించిన రోజు చెల్లెలు ఫోన్ చేసి ఏడ్చింది, సంతోషంతో. బేసమ్మ కూడా ఏడ్చింది. ఇప్పుడు ఎంత లెక్క వేసుకున్నా, పాత తేదీలు తిరిగొస్తే చెల్లెలు ఆ రెండువందల పన్నెండులో ఉండదు.

పాత సర్వరు డిస్కులు చెరిపేసి తుక్కు కింద పంపించేశారు. మిగిలింది ఒక్కటే. నకళ్ళు తీసేయడానికి ముందు, పాత డేటాను ఉన్నదున్నట్టు క్లౌడ్‌లో స్నాప్‌షాట్ తీసి పెట్టారు. అది ముప్ఫై ఐదు రోజులుంటుంది, తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. గడువు గురువారం సాయంత్రం ఆరింటికి. దానిలోంచి డేటాను తిరిగి తెరిచే అధికారం ఇప్పుడు బేసమ్మకు లేదు. కొత్త భద్రతా నిబంధనల కింద ఆ తాళంచెవి పై ఆఫీసులోని క్లౌడ్ విభాగం పట్టుకుపోయింది. అభ్యర్థన పెట్టాలి, దానికి అనుమతి రావాలి.

*

బుధవారం మేనేజరు గదికి వెళ్ళేసరికి ఆయన శుక్రవారం కార్యక్రమానికి కుర్చీలు ఎన్ని వేయాలో ఫోన్లో చెబుతున్నాడు. బేసమ్మ నిలబడే ఉంది. ఫోన్ పెట్టాక మొత్తం చెప్పింది, తన మెయిల్ సంగతితో సహా. ఆయన చెడ్డవాడేం కాదు. పిల్లల పరీక్షలని ఎవరైనా అడిగితే వెంటనే సెలవు చీటీ మీద సంతకం పెట్టే రకం మనిషి. కానీ పై ఆఫీసు అంటే మాత్రం ఆయనకు భయం.

జాబితా అంటించేశాం కదా అన్నాడు. తాళాలు ఇచ్చేద్దాం, తర్వాత ఎవరైనా వస్తే ఫిర్యాదు తీసుకుందాం, పాత రసీదు చూపించినవాళ్ళ సంగతి ఒక్కొక్కరిదీ చూద్దాం అన్నాడు. నాలుగిళ్ళు మారినవాళ్ళ దగ్గర రసీదులు మిగులుతాయా అని బేసమ్మ అడిగింది. ఇచ్చిన తాళం మళ్ళీ ఎవరి దగ్గరైనా వెనక్కి తీసుకోగలరా అని కూడా అడిగింది. గోడకు చెప్పుకున్నట్టయింది. ఆయన బల్ల మీది కాగితాలు నిలువుగా పట్టి, అంచులు సమంగా వచ్చేదాకా తట్టి తట్టి సర్దాడు.

"మరీ అంతగా అయితే పాత రికార్డుల్లో లోపం అని రాద్దాం. ఆ రెండో వరుసలు తెరిచింది పెద్ద గుమస్తా గారే కదా. రెండు నెలల్లో వెళ్ళిపోయే మనిషి, ఆయన్నెవరూ ఏమీ చెయ్యరు."

"ఆయన చేసింది సరిగ్గానే ఉంది సర్. చెరిపేసింది మనం."

మేనేజరు గొంతు తగ్గించాడు. "మీ చెల్లెలి గారి పేరు జాబితాలో ఉందటగా. తాజాది ఉంచమని మీరే రాశారు, దాని వల్ల మీ చెల్లెలికి ఇల్లు వచ్చింది. ఇది బయటికెళితే పొరపాటని ఎవరైనా నమ్ముతారా? మీ మంచికే చెబుతున్నాను."

నిజమే, ఎవరూ నమ్మరు. ఆమె అంత దూరం ఆలోచించలేదు. గదిలోంచి బయటికొచ్చి, నీళ్ళ దగ్గర నిలబడి రెండు గ్లాసులు తాగింది. తప్పు కప్పిపుచ్చితే దొంగ. ఒప్పుకున్నా దొంగే. ఏ దారి చూసినా చివర ఆ మాటే కాచుకుని ఉంది. ఇంత ఖర్మ ఎవరికైనా పడుతుందా అని కోపం వచ్చింది. ఎవరి మీదని అడిగితే తనే చెప్పలేకపోయేది.

సీటుకొచ్చి అభ్యర్థన పత్రం తెరిచింది. కారణం అని ఒక గడి, బాధ్యులు అని ఇంకో గడి. బాధ్యుల గడి ఖాళీగా వదిలేస్తే పక్కన ఎర్ర చుక్క వెలిగి ముందుకు పోనివ్వలేదు. అందులో మూడే ఎంపికలున్నాయి. ఇతర ఉద్యోగి అని నొక్కితే, సదరు ఉద్యోగి వివరణ జతచేయాలి, మూడు పనిదినాలు అని వచ్చింది. బయటి సంస్థ అని నొక్కితే న్యాయ విభాగం పరిశీలన, పదిహేను పనిదినాలు. మూడోది, స్వయంగా. అది నొక్కితే వెంటనే పరిశీలించబడును, దీని నకలు తనిఖీ విభాగానికి వెళ్ళును అని ఒక్క వాక్యం వచ్చింది. తన తప్పు తాను దిద్దుకునేవాళ్ళను ఆపకూడదని ఎవరో బుద్ధిమంతుడు పెట్టిన నిబంధన. ఆ బుద్ధిమంతుణ్ణి బేసమ్మ మనసులో తిట్టుకుంది.

మూడింటినీ మార్చి మార్చి నొక్కి చూసింది. ఇతర ఉద్యోగి. బయటి సంస్థ. మళ్ళీ ఇతర ఉద్యోగి. బాబాయ్ ఎలా విన్నాడో ఏమో, భోజనాల వేళ పైకొచ్చి, నా పేరు రాసెయ్యమ్మా, పోయేముందు ఒక మంచి పని చేసినట్టుంటుంది అన్నాడు. మీ పేరు రాస్తే మూడు రోజులు పడుతుంది బాబాయ్, ఆలోగా అంతా చెరిగిపోతుంది అని కసిరింది. ఆయన నొచ్చుకున్నాడు. తనేమన్నదో ఆయన మెట్లు దిగాక గానీ ఆమెకు తెలియలేదు.

పత్రం అలాగే తెరిచి ఉంచి, ఆఫీసు వదిలాక చెల్లెలి ఇంటికి వెళ్ళింది. పంపేముందు దానికి చెప్పాలి, అది వినాలి, ఒకటి రెండు మాటలు పడాలి, పడొచ్చు. అలా అనుకునే వెళ్ళింది. తీరా చూస్తే ఇల్లు సగం అట్టపెట్టెల్లోకి ఎక్కింది. ఇంటాయనకు చెప్పేశామని, ఆదివారం ఖాళీ చేస్తున్నామని, ఆ ఇంట్లో దిగేవాళ్ళు వచ్చి చూసుకుని కూడా వెళ్ళారని చెల్లెలు ఆపకుండా చెప్పింది. మరిది నేల మీద కూర్చుని మంచం మేకులు ఊడదీస్తున్నాడు. కొత్తింట్లో వంటగది కిటికీ తూర్పుకుందట. ఎవరో చూసొచ్చి చెప్పారట.

"ఏంటక్కా, అలా ఉన్నావు?" అంది చెల్లెలు.

"ఏం లేదే. ఆఫీసులో పని."

బేసమ్మ గాజు గ్లాసులు పాత కాగితాల్లో చుట్టడానికి కూర్చుంది. ఒక్కో గ్లాసుకూ రెండు చుట్లు, లోపల ఒక ఉండ. డజను గ్లాసులు చుట్టింది. ప్రతి గ్లాసు దగ్గరా ఇప్పుడు చెబుతాను అనుకుంది. చెప్పలేకపోయింది. గుమ్మం దాటి వీధిలోకి వచ్చాక తన పిరికితనానికి తనకే అసహ్యం వేసింది.

*

గురువారం తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుని, స్వయంగా అని నొక్కి, కారణం గడిలో ఇలా రాసింది: పాత వరుసల్లో తేదీలున్నాయని కనుక్కోకుండా తాజా వరుస ఉంచమని నేనే చెప్పాను. జాబితాలో నా చెల్లెలు ఉంది. చివరి వాక్యం ఎవరూ అడగలేదు. రాసి, కొట్టేసి, మళ్ళీ రాసి పంపేసింది.

ఆ నిబంధన చెప్పినట్టే అనుమతి పదకొండున్నరకు వచ్చింది. స్నాప్‌షాట్‌లోంచి పాత డేటాబేసును పక్కన వేరేగా తెరవడం మొదలైంది. తెర మీద తయారవుతోంది అనే మాట యాభై నిమిషాలు అలాగే నిలబడింది. అది తయారయ్యాక చూస్తే లోపలికి పోనివ్వదు. కొత్తగా తెరిచిన డేటాబేసుకు బయటినుంచి దారి ఉండదు, ఆ దారి మళ్ళీ క్లౌడ్ విభాగమే తెరవాలి. అక్కడ భోజనాలకు వెళ్ళారు. భోజనాలయ్యాక మీటింగుకు వెళ్ళారు. బేసమ్మ పదకొండుసార్లు ఫోన్ చేసింది. పన్నెండోసారి ఎత్తినామె, ఇంత తొందరేంటి మేడం అంది. రేపు పదింటికి తాళాలిచ్చేస్తారండీ, అదీ తొందర అని అరిచేసింది. నాలుగుంబావుకు దారి తెరుచుకుంది.

పాత వరుసలు కనపడగానే ఆమె ముందు చేసిన పని అందరికీ చెప్పుకునేది కాదు. చెల్లెలి గుర్తింపు నంబరు కొట్టింది. దానికీ ఎక్కడైనా ఇంకా పాత వరుస, ఇంకా పాత తేదీ ఉంటుందేమోనని ఆశపడింది. ఒకే వరుస వచ్చింది. అడ్రసు తన ఇల్లే. ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూసి, తను వెతికిన ఆ క్వెరీ లైను చెరిపేసింది.

తర్వాత అసలు పని. ఒకే గుర్తింపు నంబరున్న వరుసలన్నీ కలిపి, అందులో అన్నిటికన్నా పాత తేదీ తీసి, కొత్త డేటాబేసులో ఆ మనిషి పక్కన పెట్టాలి. అంతే, కంప్యూటరుకు ఆరు లైన్ల ఆదేశం. బాబాయ్ పాతికేళ్ళు ఎర్ర పెన్సిలుతో చేసింది ఇదే. మార్పు ఖాయం చేసేముందు లెక్క చూసింది: పదకొండువందల ఎనభై ఏడు. సరిపోయింది. ఇరవై పేర్లు చీటీ మీద రాసుకుని కిందికెళ్ళి, బాబాయ్ బీరువాలోని పాత అచ్చు జాబితాలతో సరిచూసింది. ఆయన పొద్దుటి నుంచీ మాట్లాడలేదు గానీ జాబితాలు మాత్రం తనే దింపి, దుమ్ము దులిపి ఇచ్చాడు. ఇరవైకి ఇరవై సరిపోయాయి. నిన్న అలా అన్నందుకు ఏమీ అనుకోవద్దంది. ఏమనుకుంటాంలే అన్నాడాయన.

పైకొచ్చి ఖాయం చేసింది. జాబితా మళ్ళీ తీసింది. రెండువందల పన్నెండులో అరవై ఒక్క పేర్లు మారాయి. దర్జీ ఆవిడ తొంభై ఆరు. చెల్లెలు రెండువందల అరవై ఎనిమిది.

తనిఖీ విభాగానికి కాగితం ఎలాగూ వెళ్ళిపోయింది కాబట్టి మేనేజరు ఇక చేయగలిగిందేమీ లేకపోయింది. సాయంత్రం తన చేత్తోనే పాత జాబితా చింపి కొత్తది అంటించాడు.

ఆ సాయంత్రం చెల్లెలికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. సామాను సర్దుకుంటూ ఉంటుంది, వినపడి ఉండదు. మళ్ళీ చేయొచ్చు. చేయలేదు. రేపు పొద్దున్నే నేనే వెళతాను అనుకుంది.

పొద్దున్నే వెళ్ళేలోపే చెల్లెలు ఆఫీసుకు వచ్చేసింది, తాళం తీసుకుందామని, మొగుడితో కలిసి, అందరికంటే ముందు. బేసమ్మ ఆఫీసు గేటు దగ్గరికి వచ్చేసరికి గోడ ముందు జనం. జాబితాలోంచి పోయిన అరవై ఒక్క పేర్లవాళ్ళు మేనేజరును చుట్టుముట్టి నిలదీస్తున్నారు. వాళ్ళ కోపంలో తప్పేముంది? చెల్లెలు మాత్రం జాబితా మీద వేలు పెట్టి పైనుంచి కిందికి ఒకసారి, మళ్ళీ పైనుంచి కిందికి ఒకసారి చూసుకుంది. పక్కనెవరో, పైన మేడమే మార్పించిందట, వాళ్ళ చెల్లెలి పేరు కూడా పోయిందట అని చెప్పుకుంటున్నారు. చెల్లెలు విని, తిరిగి చూసి, గేటు దగ్గర అక్కను చూసింది.

బేసమ్మే చెల్లెలి దగ్గరికి వెళ్ళింది.

"బుధవారం వచ్చినప్పుడే నీకు తెలుసా?" అని అడిగింది చెల్లెలు.

"తెలుసు."

"తెలిసే గ్లాసులు చుట్టావా?"

మరిది ఆమె చెయ్యి పట్టుకుని పోదాం పద అన్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు. దర్జీ ఆవిడ అప్పుడే వచ్చి, తొంభై ఆరు దగ్గర తన పేరు చూసుకుని, తాళం కోసం లైన్లో నిలబడింది. బేసమ్మను చూసి తలాడించింది, అంతకుమించి ఏమీ లేదు. పక్కనున్నామె, ఆ మేడంకి ఒక్క మాట చెప్పరాదా అంటే, పదకొండేళ్ళు ఆగి నా వంతు నేను తీసుకుంటున్నాను, ఇందులో ఎవరికి చెప్పాలి అంది. సరిగ్గానే అంది. అయినా బేసమ్మకు ఆ మాట కాస్త గుచ్చుకుంది, దాచడమెందుకు.

*

మళ్ళీ సోమవారం ఉత్తర్వు వచ్చింది. విచారణ పూర్తయ్యేదాకా డేటాబేసు మీద ఆమె అధికారాలన్నీ నిలిపివేత, నాలుగో కౌంటర్లో విధులు. ఉత్తర్వుతో పాటు తనిఖీ విభాగం నుంచి ఎనిమిది ప్రశ్నలు. జాబితాలోని బంధువుకు లాభం చేకూర్చే ఉద్దేశంతో సదరు సూచన ఇచ్చారా అన్నది ఐదోది. లేదు అని రాసింది. లేదు అన్న మాట చూడబోతే చాలా చిన్నగా కనిపించింది. ఇంకేం రాయాలో తెలియక అలాగే ఇచ్చేసింది.

నాలుగో కౌంటర్లో అడ్రసు మార్పులు. పక్క కౌంటర్లోంచి బాబాయ్ అప్పుడప్పుడూ వంగి చూసి, ఆ గడి కాదమ్మా, కింది గడి అని చెబుతున్నాడు. కొత్త డేటాబేసులో అడ్రసు ఉన్న వరుసలోనే మారుతుంది, తేదీ కదలదు. ఆ సంగతి ఆమెకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. అయినా ప్రతి మార్పుకూ ముందొకసారి, తర్వాత ఒకసారి తేదీ చూసుకుంటోంది. దాంతో లైను నత్తనడక నడుస్తోంది, జనం గొణుగుతున్నారు.

చెల్లెలు ఫోన్ ఎత్తడం మానేసింది. ఆదివారం ఇల్లు ఖాళీ చేసి, మరిది స్నేహితుడి ఇంటి వెనక ఒంటిగదిలోకి దిగారని మరిదే చెప్పాడు. మా ఇంటికి రావచ్చు కదా అని బేసమ్మ అంటే, అది రానంటోంది వదినా అన్నాడు, ఇబ్బందిపడుతూ.

బుధవారం పదకొండింటికి పిలుపు నంబరు యాభై రెండు అని పిలిస్తే చెల్లెలు వచ్చి కౌంటరు ముందు నిలబడింది. పక్కన బాబాయ్ కౌంటరు ముందు ఎవరూ లేరు. అయినా ఇక్కడికే వచ్చింది. నింపిన కాగితం అద్దం కిందినుంచి తోసింది. అడ్రసు మార్పు. పాత అడ్రసు: అక్క ఇల్లు. కొత్త అడ్రసు: ఒంటిగది.

"ఇది అవసరమా? ఉత్తరాలు మా ఇంటికే రానీ," అంది బేసమ్మ నెమ్మదిగా.

"మేమున్న చోటికే రానీ," అంది చెల్లెలు.

బేసమ్మ కాగితం చూసి కొట్టింది. వీధి, గది, వెనక వాకిలి. గట్టిగా కొడితే అక్షరాలు తప్పుతాయన్నట్టు మెల్లగా కొట్టింది. భద్రపరచు అని నొక్కేముందు తేదీ చూసుకుంది, నొక్కాక చూసుకుంది.

"నా తేదీ మారలేదుగా?"

"మారలేదు."

"నువ్వు చెప్పడం కాదు. చూపించు."

కౌంటర్లో తెరలన్నీ లోపలివైపుకే ఉంటాయి. దరఖాస్తుదారులు చూడకూడదని నిబంధన ఉందో, ముందునుంచీ అలా పెట్టేశారో ఎవరికీ తెలియదు. బేసమ్మ లేచి మానిటరును రెండు చేతులా పట్టుకుని తిప్పింది. వెనక తీగ చాల్లేదు. బల్లకిందికి వంగి, చుట్టగా కట్టి ఉన్న తీగ విప్పి, మళ్ళీ తిప్పింది. చెల్లెలు అద్దానికి మొహం ఆనించి, పెదవులు కదుపుతూ తేదీని ఒక్కో అంకెగా చదువుకుంది. తన రసీదు తీసి దానితో సరిచూసుకుంది. సరే అన్నట్టు తల ఊపి, అక్క మొహంలోకి చూడకుండా కాగితం తీసుకుని వెళ్ళిపోయింది.

యాభై మూడో నంబరాయన ముందుకొచ్చాడు. కాగితం ఇవ్వకుండానే, నాకూ అలా తిప్పి చూపించండి అన్నాడు. బేసమ్మ తెర ఎలా ఉందో అలాగే ఉంచి, ఆయన నంబరు అడిగింది.